శిక్షణకు ముందు, శిక్షణ తర్వాత: జత టి-పరీక్ష చెప్పేది, చెప్పనిది

వ్యవసాయ విస్తరణ విభాగంలో సమర్పించే సిద్ధాంత వ్యాసాల్లోను, శిక్షణ కార్యక్రమాల నివేదికల్లోను ఒక పట్టిక తరచుగా కనిపిస్తుంది. అందులో ఒకవైపు శిక్షణకు ముందు రైతులు పొందిన మార్కుల సగటు, మరొకవైపు శిక్షణ తర్వాతి సగటు, చివరి గడిలో టి విలువ, దాని పక్కన రెండు నక్షత్రాలు ఉంటాయి. పట్టిక కింద ఒక వాక్యం ఉంటుంది: శిక్షణ వల్ల రైతుల పరిజ్ఞానం సార్థకంగా పెరిగింది. శిక్షణాంశం వరిలో నేరుగా విత్తే పద్ధతి అయినా, పత్తిలో గులాబీ రంగు పురుగు యాజమాన్యం అయినా, పుట్టగొడుగుల పెంపకం అయినా ఆ వాక్యం పెద్దగా మారదు.

వంగడాల పోటీ పరీక్షలో పెట్టిన ప్రతి రకమూ చెక్ రకాన్ని మించిందని ఫలితం వస్తే, ప్రజనన శాస్త్రవేత్త సంతోషించే ముందు చెక్ రకాన్ని, దాన్ని వేసిన మడిని మరొకసారి పరిశీలిస్తాడు. శిక్షణల మూల్యాంకనంలో ఆ అనుమానం ఎందుకో కలగడం లేదు. జత టి-పరీక్షలో దోషం లేదు. దానికి ఒక చిన్న ప్రశ్న వేసి, అది ఇచ్చిన చిన్న సమాధానాన్ని పెద్ద ప్రశ్నకు సమాధానంగా ప్రకటించడంలోనే దోషం ఉంది. ఈ తేడాను విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు స్పష్టంగా గుర్తించకపోతే, ఏ శిక్షణను కొనసాగించాలో, దేన్ని మార్చాలో, దేన్ని విడిచిపెట్టాలో నిర్ణయించే ఆధారమే లేకుండా పోతుంది.

జత అనే ఆలోచన

టి-పరీక్ష మూలం 1908లో బయోమెట్రికా పత్రికలో 'స్టూడెంట్' అనే కలం పేరుతో వెలువడిన వ్యాసం. దాని రచయిత విలియం సీలీ గాసెట్. ఆయన డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు తయారీ సంస్థలో పనిచేసేవాడు. బార్లీ, హాప్స్ వంటి ముడిసరుకుల మీద జరిగే ప్రయోగాల్లో పరిశీలనల సంఖ్య చాలా తక్కువగా ఉండేది. కొద్దిపాటి అంకెల నుంచి ఎంతవరకు నమ్మదగిన నిర్ణయానికి రావచ్చన్నదే ఆయన సమస్య. ఆ వ్యాసంలోని ఉదాహరణల్లో ఒకటి, విత్తే ముందు బట్టీలో ఆరబెట్టిన విత్తనానికి, ఆరబెట్టని విత్తనానికి మధ్య దిగుబడి తేడా. అంటే ఈ పరీక్ష తొలినుంచీ పొలానికి దగ్గరగానే ఉంది.

జత అనే ఆలోచనను మరింత స్పష్టంగా చూపేది డార్విన్ మొక్కజొన్న ప్రయోగం. పరపరాగ సంపర్కం వల్ల పుట్టిన మొక్కలను, స్వపరాగ సంపర్కం వల్ల పుట్టిన మొక్కలను ఆయన జతలుగా పెంచి, వాటి ఎత్తులను 1876లో ప్రచురించిన గ్రంథంలో నమోదు చేశాడు. ఆర్.ఎ. ఫిషర్ 1935లో వెలువరించిన ప్రయోగ రచనా గ్రంథంలో ఆ 15 జతల అంకెలను తిరిగి విశ్లేషించాడు. పరపరాగ మొక్క సగటున 20.93 అంగుళపు ఎనిమిదో వంతులు, అంటే సుమారు 2.6 అంగుళాలు ఎక్కువ ఎత్తు పెరిగింది. టి విలువ 2.148. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడం 14 అయినప్పుడు 5 శాతం స్థాయిలో పట్టిక విలువ 2.145. సార్థకత గీతను అతి స్వల్పంగా దాటిన ఫలితమది. పదిహేను జతల్లో రెండింటిలో స్వపరాగ మొక్కే పొడవుగా ఉంది.

ఇక్కడ గమనించవలసినది టి విలువను కాదు. జతలోని రెండు మొక్కలూ ఒకే వయసువి; ఒకే కాలంలో, ఒకే చోట, ఒకే మట్టిలో పెరిగాయి. ఎండ, నీరు, చలి రెండింటికీ ఒకే విధంగా అందాయి. ఆ రెండింటి మధ్య తేడాకు మిగిలిన ప్రధాన కారణం పరాగ సంపర్క విధానం ఒక్కటే. జతకు బలం ఇచ్చింది సూత్రం కాదు, కుండీ. శిక్షణ మూల్యాంకనంలో జత చేసేది ఒకే రైతు పొందిన రెండు మార్కులను. రైతు ఒక్కడే కాబట్టి చదువు, అనుభవం, కమతం వంటివి మారవు. అయితే ఆ రెండు మార్కులు ఒకే కాలానికి చెందినవి కావు. మధ్యలో గడిచిన కాలం తెచ్చిన ప్రతి మార్పూ శిక్షణ ఖాతాలోనే జమ అవుతుంది. డార్విన్ జతకూ, విస్తరణ నివేదికలోని జతకూ ఉన్న తేడా ఇదే.

జత కట్టడం వల్ల ప్రయోజనం

ఈ పరీక్ష చక్కగా చేయగలిగిన పని ఏమిటో మొదట అంగీకరించాలి. వేరుశనగలో విత్తనశుద్ధి మీద 20 మార్కుల ప్రశ్నావళితో పది మంది రైతులను పరీక్షించారని ఊహిద్దాం. శిక్షణకు ముందు వారి మార్కులు వరుసగా 6, 14, 9, 11, 5, 16, 8, 12, 10, 9. అదే వరుసలో శిక్షణ తర్వాత 9, 15, 13, 12, 9, 16, 12, 13, 14, 11. మొదటి సగటు 10, రెండో సగటు 12.4. ఒక్కొక్క రైతు పొందిన వృద్ధి 3, 1, 4, 1, 4, 0, 4, 1, 4, 2. వీటి సగటు 2.4, ప్రామాణిక విచలనం 1.58. దీన్ని పది వర్గమూలంతో భాగిస్తే వచ్చే ప్రామాణిక దోషం 0.50. సగటు వృద్ధిని ప్రామాణిక దోషంతో భాగిస్తే టి విలువ 4.81. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడం 9కి పట్టిక విలువ 2.262 కాబట్టి ఫలితం సార్థకం.

ఇవే అంకెలను రెండు వేర్వేరు సమూహాలుగా భావించి మామూలు టి-పరీక్ష చేస్తే ప్రామాణిక దోషం 1.30కి పెరిగి, టి విలువ 1.84కు పడిపోతుంది. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడం 18కి కావలసినది 2.101. అంటే అదే 2.4 మార్కుల వృద్ధి అసార్థకంగా తేలుతుంది. కారణం సులభమే. 5 మార్కుల రైతుకూ 16 మార్కుల రైతుకూ మధ్య ఉన్న పాత తేడా రెండో లెక్కలో దోషంగా చేరింది. జత పద్ధతిలో ప్రతి రైతూ తనకు తానే చెక్ కావడంతో ఆ తేడా తొలగిపోయింది. క్షేత్ర ప్రయోగంలో బ్లాకులు చేసే పని కూడా ఇదే.

పొరపాట్లు మొదలయ్యేది ఇక్కడే

జత పద్ధతికి ఈ శక్తి రావాలంటే జత నిజంగా ఉండాలి. ఉదయం 50 మంది రైతులు ప్రశ్నావళి నింపి, సాయంత్రానికి 38 మంది మాత్రమే మిగిలిన సందర్భాలు శిక్షణ నిర్వహించే ప్రతివారికీ తెలిసినవే. ఆ 50 మంది సగటును ఈ 38 మంది సగటుతో పోల్చడం జత పోలిక కాదు. పేరు గాని, సంఖ్య గాని రాయించని ప్రశ్నావళులను తర్వాత ఏ విధంగానూ జత చేయలేరు. పైగా మధ్యలో వెళ్లిపోయినవారు, మిగిలినవారు ఒకే రకం వారన్న హామీ లేదు. ఆసక్తి లేనివారే ముందుగా వెళ్లిపోతే రెండో సగటు శిక్షణ లేకుండానే పెరుగుతుంది. అందువల్ల రెండుసార్లూ హాజరైనవారినే జతగా తీసుకుని, తప్పిపోయిన 12 మంది తొలి మార్కులు ఎలా ఉన్నాయో విడిగా తెలపాలి.

రెండో పొరపాటు రైతులకు బదులు ప్రశ్నలను జత చేయడం. ఇరవై ప్రశ్నల్లో ఒక్కొక్కదానికి శిక్షణకు ముందు ఎంత శాతం, తర్వాత ఎంత శాతం సరైన సమాధానాలు వచ్చాయో లెక్కించి, ఆ ఇరవై శాతాల జతలకు టి-పరీక్ష చేస్తే సంఖ్య ఇరవై ప్రశ్నలదే అవుతుంది గాని రైతులది కాదు. ఏ రైతు నేర్చుకున్నాడో, ఏ రైతు నేర్చుకోలేదో అందులో కనిపించదు.

మూడో పొరపాటు సామాన్య విభాజనాన్ని తప్పు చోట వెదకడం. ముందు మార్కులు, తర్వాత మార్కులు విడివిడిగా సామాన్య విభాజనాన్ని అనుసరించాలన్న నియమం లేదు. అనుసరించవలసినవి వాటి మధ్య తేడాలు. రైతుల సంఖ్య తక్కువగా ఉండి, ఒకరిద్దరి తేడాలు మిగతావారికి చాలా దూరంగా ఉంటే 1945లో విల్‌కాక్సన్ ప్రతిపాదించిన సంజ్ఞా-క్రమ పరీక్ష మేలు. ఇక విత్తనశుద్ధి చేశారా, లేదా అన్న అవును-కాదు సమాధానాలకు టి-పరీక్షే వర్తించదు. ఒకే రైతుల్లో అటువంటి మార్పును పోల్చడానికి 1947లో వెలువడిన మెక్‌నెమార్ పరీక్ష ఉంది.

నాలుగోది స్వతంత్రతకు సంబంధించినది. ఐదు గ్రామాల్లో ముప్పై మంది చొప్పున శిక్షణ ఇచ్చినప్పుడు 150 మంది రైతులు 150 స్వతంత్ర పరిశీలనలు కారు. ఒక గ్రామంలో ఆ రోజు బాగా వివరించిన శాస్త్రవేత్త ప్రభావం ముప్పై మంది మీదా పడుతుంది. ఒకే మడిలోని ముప్పై మొక్కలను ముప్పై రెప్లికేషన్లుగా లెక్కించడాన్ని ఏ వ్యవసాయ శాస్త్ర విద్యార్థీ అంగీకరించడు. గ్రామాల విషయంలోనూ అదే నియమం వర్తిస్తుంది.

నక్షత్రాలకు అందని ప్రశ్న

లెక్క సరిగా చేసినా మరొక చిక్కు మిగులుతుంది. టి-పరీక్ష శూన్య పరికల్పన ప్రకారం సగటు వృద్ధి సున్నా. రోజంతా ఒక అంశం మీద చెప్పి, ఉదయం అడిగిన ప్రశ్నలనే సాయంత్రం మళ్లీ అడిగితే సగటు కొద్దిగానైనా పెరగకుండా ఉండడం కష్టం. ప్రశ్నలను ఒకసారి చూసి ఉండడమే కొందరికి సాయపడుతుంది. ఇటువంటి శూన్య పరికల్పనను తిరస్కరించడం వల్ల కొత్తగా తెలిసేది స్వల్పం.

సంఖ్య పెరిగిన కొద్దీ ఈ చిక్కు మరింత పెరుగుతుంది. నూరు మంది రైతుల సగటు వృద్ధి 20 మార్కుల్లో కేవలం అర మార్కు అనుకుందాం. తేడాల ప్రామాణిక విచలనం 2 అయితే ప్రామాణిక దోషం 0.2, టి విలువ 2.5. పట్టికలో నక్షత్రం చేరుతుంది. కాని అర మార్కు వృద్ధి వల్ల ఏ రైతూ విత్తనశుద్ధి మందు మోతాదు సరిగా కలపలేడు. సార్థకత వేరు, ప్రయోజనం వేరు. మొదటిదాన్ని గణాంకశాస్త్రం చెబుతుంది. రెండోదాన్ని ఎంత వృద్ధి వస్తే చాలునో ముందుగానే నిర్ణయించుకున్న విస్తరణ శాస్త్రవేత్త చెప్పాలి.

అందువల్ల టి విలువతో పాటు సగటు వృద్ధికి 95 శాతం విశ్వాస అవధిని ఇవ్వడం అవసరం. పై పది మంది ఉదాహరణలో ఆ అవధి 1.27 నుంచి 3.53 మార్కుల వరకు ఉంది. కనీసం 4 మార్కుల వృద్ధి ఉంటేనే శిక్షణ ఫలించినట్లని కేంద్రం ముందుగా అనుకుని ఉంటే, అత్యంత సార్థకమైన ఈ ఫలితమే వైఫల్యానికి నిదర్శనం అవుతుంది. నక్షత్రాలు ఈ విషయాన్ని దాచిపెడతాయి.

సగటు మరొకదాన్ని కూడా దాచిపెడుతుంది. ఆ పది మంది సాధించిన మొత్తం వృద్ధి 24 మార్కులు. అందులో 17 మార్కులు తొలుత 9 లేదా అంతకన్నా తక్కువ వచ్చిన ఐదుగురివే. మిగిలిన ఐదుగురు కలిసి సాధించినది 7 మాత్రమే. వారిలోనూ నాలుగు మార్కులు ఒక్క రైతువే. శిక్షణ వెనుకబడినవారికి ఎక్కువ మేలు చేసిందని దీని నుంచి వెంటనే నిర్ణయించడం కూడా తొందరపాటే. మొదటిసారి చాలా తక్కువ మార్కులు వచ్చినవారికి రెండోసారి శిక్షణ లేకున్నా సగటు వైపు కొంత పెరిగే అవకాశం ఉంది. పైన ఉన్నవారికి ప్రశ్నావళిలో పెరిగే చోటు తక్కువ. పరిజ్ఞానం తక్కువగా ఉన్నవారిని మాత్రమే ఎంపిక చేసి శిక్షణ ఇచ్చే కార్యక్రమాల్లో ఈ తిరోగమన ప్రభావం మరీ ఎక్కువగా శిక్షణ విజయంగా కనిపిస్తుంది.

చెక్ మడి లేని ప్రయోగం

ఉదయానికీ సాయంత్రానికీ మధ్య మార్కులు పెరిగితే దానికి శిక్షణే కారణమని చాలావరకు ఒప్పుకోవచ్చు. ఆ ఎనిమిది గంటల్లో వాన గాని, పక్క రైతు సలహా గాని, ఎరువుల దుకాణదారు మాట గాని అడ్డురాలేదు. అయితే అక్కడ కొలిచినది జ్ఞాపకం మాత్రమే. పంట కాలం ముగిశాక మళ్లీ పరీక్షిస్తే కొలిచేది నిలిచిన పరిజ్ఞానం, ఆచరణ. కాని ఆ లోపల టెలివిజన్ కార్యక్రమాలు, వాట్సాప్ సమూహాలు, పురుగుమందుల సంస్థల ప్రచారం, పొరుగు పొలం అనుభవం అన్నీ రైతును చేరతాయి. అంటే వ్యవధి తక్కువైతే కారణం స్పష్టం, ఫలితం బోలు. వ్యవధి పెరిగితే ఫలితం గట్టిది, కారణం అస్పష్టం. ఒకే సమూహంలో ముందు-తర్వాత పోలికతో ఈ చిక్కు నుంచి బయటపడడం సాధ్యం కాదు.

దిగుబడుల విషయంలో ఈ ప్రమాదం ఇంకా పెద్దది. శిక్షణకు ముందు ఏడాది ఎకరా దిగుబడిని, తర్వాతి ఏడాది దిగుబడితో జత చేసి టి విలువ కడితే, రాయలసీమ వర్షాధార వేరుశనగలో గాని, తెలంగాణ వర్షాధార పత్తిలో గాని ఆ తేడాలో వాన వాటా ఎంత, శిక్షణ వాటా ఎంత అన్నది విడదీయడం కుదరదు. మంచి వర్షపు ఏడాది ప్రతి శిక్షణనూ గెలిపిస్తుంది. బెట్ట వచ్చిన ఏడాది మంచి శిక్షణను కూడా ఓడిస్తుంది.

ఆశ్చర్యకరమైన విషయం ఏమిటంటే, దీనికి పరిష్కారం అదే కేంద్రాల్లో మరొక కార్యక్రమంలో ఎప్పటినుంచో అమలులో ఉంది. ప్రథమ శ్రేణి ప్రదర్శనల్లో రైతు పొలంలో ఒక భాగంలో సిఫారసు చేసిన పద్ధతిని, పక్కనే రైతు మామూలు పద్ధతిని అదే కాలంలో సాగుచేస్తారు. రెండు దిగుబడులనూ రైతువారీగా జత చేస్తారు. డార్విన్ కుండీలోని రెండు మొక్కలకు ఇది సరైన పొలం రూపం. జత టి-పరీక్షకు సహజమైన స్థానం ఇదే. విత్తనాన్ని పరీక్షించేటప్పుడు చెక్ మడి లేని ఫలితాన్ని అంగీకరించని శాస్త్రవేత్తలే, శిక్షణను పరీక్షించేటప్పుడు చెక్ లేకుండా సంతృప్తి పడుతున్నారు.

రెండో జట్టే చెక్

శిక్షణలో చెక్ సమూహం అనగానే ఒక అభ్యంతరం వినిపిస్తుంది. కొందరు రైతులకు శిక్షణ నిరాకరించడం విస్తరణ ధర్మానికి విరుద్ధమని అంటారు. అభ్యంతరం న్యాయమైనదే గాని, నిరాకరణ అవసరం లేదు. కేంద్రాలు ఒకే అంశాన్ని ఎలాగూ జట్లు జట్లుగా బోధిస్తాయి. అరవై మంది రైతులు నమోదైతే ఎవరు మొదటి జట్టులో, ఎవరు రెండో జట్టులో ఉండాలో చీటీ వేసి నిర్ణయించవచ్చు. ఒకే రోజున ఇరు జట్లకూ తొలి పరీక్ష పెట్టి, మొదటి జట్టుకు శిక్షణ ఇచ్చి, నెల లేదా రెండు నెలల తర్వాత ఇరు జట్లకూ ఒకే రోజున మళ్లీ పరీక్ష పెట్టాలి. ఆ వెంటనే రెండో జట్టుకు శిక్షణ ఇవ్వాలి. ఎవరికీ ఏదీ తగ్గదు. కేంద్రానికి పెరిగే పని రెండో జట్టుకు ఒక అదనపు పరీక్ష, రెండు జట్ల మధ్య కొంత వ్యవధి మాత్రమే.

అప్పుడు విశ్లేషణ కూడా మారుతుంది. ప్రతి రైతుకూ వృద్ధిని లెక్కించి, మొదటి జట్టు వృద్ధులను రెండో జట్టు వృద్ధులతో రెండు సమూహాల టి-పరీక్ష ద్వారా పోల్చాలి. తొలి మార్కులను సహచరరాశిగా తీసుకుని కోవేరియన్స్ విశ్లేషణ చేస్తే మరింత మేలు. కాలం, ప్రచారం, ప్రశ్నలతో పరిచయం, సగటు వైపు తిరోగమనం ఇరు జట్లకూ సమానంగా వర్తిస్తాయి కాబట్టి వాటి ప్రభావం పోలికలో తొలగిపోతుంది. మిగిలేది శిక్షణ ప్రభావం.

ఒకే గ్రామంలో ఇరు జట్లూ ఉంటే మొదటి జట్టు నేర్చుకున్నది రెండో జట్టుకు రచ్చబండ దగ్గరే చేరిపోతుంది. విస్తరణ కోరేది అదే అయినా, పోలిక బలహీనపడుతుంది. వీలైన చోట గ్రామాలకు చీటీ వేసి, గ్రామాన్నే ప్రమాణంగా తీసుకోవాలి. గ్రామాల సంఖ్య తక్కువైతే ఫలితం అసార్థకంగా రావచ్చు. అలా వచ్చినప్పుడు దాన్ని అలాగే నివేదించడం అపరాధం కాదు.

పరిశోధన మార్గదర్శకులకు, పరీక్షకులకు కూడా ఇందులో బాధ్యత ఉంది. విద్యార్థి పట్టికలో నక్షత్రాల కోసం వెదికే ముందు కొన్ని ప్రశ్నలు అడగడం మేలు. ఎంత మంది రెండుసార్లూ హాజరయ్యారు? ఎంత వృద్ధి చాలునని ముందుగా అనుకున్నారు? విశ్వాస అవధి ఎంత? ఎంత మందిలో వృద్ధి లేదు? రెండో పరీక్ష ఎన్నాళ్లకు జరిగింది? అదే కాలంలో శిక్షణ పొందనివారి మార్కులు ఎలా మారాయి? ఈ ప్రశ్నలకు సమాధానాలు ఉన్న సిద్ధాంత వ్యాసం అసార్థక ఫలితంతో ముగిసినా విలువైనదే. సమాధానాలు లేనిది రెండు నక్షత్రాలతో ముగిసినా చెప్పేది తక్కువ.

భారతదేశంలో తొలి కృషి విజ్ఞాన కేంద్రం 1974లో పుదుచ్చేరిలో ప్రారంభమైనప్పటినుంచి శిక్షణ ఆ వ్యవస్థ ప్రధాన బాధ్యతల్లో ఒకటిగా ఉంది. విత్తే రోజుల్లో పొలం పని మానుకుని, బస్సెక్కి శిక్షణకు వచ్చే రైతు తన ఒక రోజు కూలిని దానికి పెట్టుబడిగా పెడుతున్నాడు. ఆ రోజు అతనికి ఉపయోగపడిందా లేదా అన్నది తెలుసుకోవడం అతని పట్ల కేంద్రానికి ఉన్న బాకీ. ప్రతి శిక్షణా విజయమేనని చెప్పే కొలమానం ఆ బాకీని తీర్చలేదు. ఓడిపోయే అవకాశం ఉన్న పరీక్షలో నెగ్గిన శిక్షణే మరుసటి ఏడాది రైతును మళ్లీ పిలవడానికి అర్హమైనది.